వంకర కత్తెర

ఆ వీధిలో అందరూ ఆమెను వంకర కత్తెర అంటారు. ఎదురుగా అనరు లెండి, ఎదురుగా అయితే "అక్కా" అనే. ఉన్నది ఒక్కటే గది. ముందు కుట్టు మిషను, దాని వెనక మంచం, మంచం పక్కన స్టవ్వు. పొద్దున్న తలుపు తీసేదీ తనే, రాత్రి వేసేదీ తనే. మధ్యలో ఎవరైనా వస్తే గుండీ ఊడిందనో జిప్పు పాడైందనో వస్తారు. కొత్త గుడ్డ మాత్రం తేరు. కొలత తప్పుతుందని వాళ్ళ భయం.

నిజానికి ఆ చేతికి కొలత తప్పడం రాదు. మనిషి గుమ్మం దాటేలోగా భుజమెంతో, నడుమెంతో కంటితోనే పట్టేస్తుంది. మరి ఆ పేరెలా వచ్చిందంటే, ఎవరూ అంటగట్టలేదు, తనే కొనితెచ్చుకుంది.

చిన్నప్పుడు వాళ్ళమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోమేది. ఒకింటివాళ్ళు ఇచ్చిన నీలం గౌను వేసుకుని ఒకరోజు ఈమె బడికెళ్ళింది. ఆ ఇంటి పిల్లదీ అదే తరగతి. "అది నా గౌనే! కావాలంటే జేబులో చూడండి, సిరా మరకుంటుంది" అంటూ వచ్చి జేబు బయటికి లాగింది. మరక ఉంది. తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల చెడ్డదేం కాదు పాపం, తన వస్తువు తను గుర్తుపట్టింది. కానీ మన పిల్లకు తల కొట్టేసినట్టయింది. పస్తులు మర్చిపోయింది, చలికి వణికిన రాత్రులూ మర్చిపోయింది గానీ ఆ జేబును మర్చిపోలేదు.

అందుకే సొంత మిషను కొనుక్కున్నాక, ఇళ్ళవాళ్ళు వద్దనుకున్న బట్టలు అడిగి తెచ్చుకునేది. కుట్లన్నీ విప్పేది. రంగు వేసేది, కాలరు మార్చేది, వెలిసిన వైపు లోపలికి తిప్పేది. పాత జేబుల్ని కత్తిరించి చెత్తబుట్టలో వేసేది. సొంతదారే ఎదురుపడినా పోల్చుకోలేడు. ఇదంతా ఒక ఎత్తు, ఇవ్వడం ఒక ఎత్తు. ఊరికే ఇస్తే పుచ్చుకున్నవాళ్ళు తల దించుకుంటారు. అందుకని ఒక అబద్ధం కూడా కుట్టింది. "ఎవరికో కుట్టానమ్మా, కొలత తప్పింది, వాళ్ళు తీసుకోలేదు. మీ పిల్లకి సరిపోతుందేమో చూడు, లేకపోతే గుడ్డ దండగ" అనేది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికింది. అన్నేసి తప్పులు చేసే మనిషికి బుద్ధున్నవాడెవడైనా గుడ్డ ఇస్తాడా? కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం మూతికి పెట్టలేం. వీధి చివర ఒకాయన టైలరు షాపు తెరిచాక ఉన్న నలుగురూ అటే పోయారు.

ఆమె తప్పుల్లో ఎక్కువ భాగం, మేడల్లో మెట్లు తుడిచే ఆవిడ కూతురికే చేరాయి. టేపు పెడితే గుట్టు బయటపడుతుంది కదా, పిల్ల వీధిలో గెంతుతుంటే కిటికీలోంచి చూసి కొలత తీసుకునేది. పిల్ల ఏటేటా పెరిగింది, తప్పులూ దాంతోపాటే పెరిగాయి. కిటికీలోంచి చూసీ చూసీ ఆ పిల్ల తన పిల్లే అన్నంత అయిపోయింది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు.

పిల్లకు ఉద్యోగం వచ్చిందని విన్నప్పటి నుంచి ఆమెకు ఒకటే ఆశ. చేరేరోజు బట్టలు తనచేత కుట్టించుకోవాలి. ఒక్కసారి, దాచకుండా, టేపు చేత్తో పట్టుకుని ఆ పిల్లకంటూ కుట్టాలి. బల్ల ఖాళీ చేసింది. కత్తెరకు సాన పట్టించింది. వెళ్ళి అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఒక సాయంత్రం పిల్లే వచ్చింది. సంచిలోంచి బూడిదరంగు గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. ఆమె చెయ్యి టేపు మీదికి వెళ్ళింది.

"రంగు బాగుందా అక్కా? చివరి షాపాయనకి ఇవ్వబోతున్నా. మీకోసారి చూపించి వెళ్దామని."

"బాగుంది. నేను కుట్టనా?" అనేసింది ఆమె.

పిల్ల నాలుక కరుచుకుంది. "ఏమనుకోకండక్కా, మొదటిరోజు కదా. మీ చెయ్యి సంగతి మీకు తెలుసుగా!" అంటూ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "చిన్నప్పుడు మీరు తప్పు కుట్టినవన్నీ నాకే సరిపోయేవి. మా క్లాసులో సగంమంది ఎవరెవరివో పాతవి వేసుకొచ్చేవాళ్ళు. నాకు మాత్రం అన్నీ కొత్తవే. ఎంత గొప్పగా ఉండేదో తెలుసా?"

ఒక్క మాట చెబితే చాలు, గుడ్డ ఆ బల్ల మీదే ఉండిపోతుంది. కానీ ఆ మాటతోనే పిల్ల కొత్తవనుకున్నవన్నీ పాతవైపోతాయి. ఇంత ఒంటరితనం ఆ గదిలో ఎవరూ లేనప్పుడు కూడా ఆమెకు తెలియలేదు.

గుడ్డను నెమ్మదిగా మడత పెట్టి పిల్ల చేతికిచ్చింది. "నీ ఎడమ భుజం కాస్త కిందికుంటుంది. ఆయనకి ముందే చెప్పు, లేకపోతే కొలత తప్పుతాడు" అంది.

"కొలతల గురించి మీరా అక్కా చెప్పేది!" అని పిల్ల పకపకా నవ్వుతూ గుమ్మం దిగి వెళ్ళిపోయింది.