ఎవరి నీళ్లు

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. కాలేజీ హనుమకొండలో, ఇల్లు వరంగల్‌లో. పొద్దున ఆటో, సాయంత్రం ఆటో, మధ్యలో పాఠాలు, ఇంటికొచ్చాక పీహెచ్‌డీ. ఏఐ యంత్రాలకు అయ్యే కరెంటు, నీళ్ల అసలు ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందన్నది నా పరిశోధన. ఈ మాట చెప్పగానే ప్రతివాళ్లూ అడిగేది ఒక్కటే: ఒక్క ప్రశ్నకు ఎన్ని నీళ్లు? నాకు తెలియదు. కంపెనీలు సరిగా చెప్పవు, ఒక పేపర్ చెప్పింది ఇంకో పేపర్ ఒప్పుకోదు. తెలియదని నిజం చెబితే, మరి ఇన్నేళ్లు ఏం చేశావన్నట్టు చూస్తారు. మా గైడ్ కూడా అలాగే చూస్తారు. ఆయన తిప్పి పంపిన చాప్టర్లు తలచుకుంటేనే నాకు నిద్రొస్తుంది.

మా అత్తమ్మ వాళ్లది బజార్లో కిరాణా దుకాణం. సామాను తేవడం మామయ్య పని, బేరమంతా ఆమెది. రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చుని వచ్చినవాళ్లందరితో మాట్లాడేది. పప్పు కొనడానికి వచ్చినవాళ్లు కూతురి కాన్పు సంగతి కూడా చెప్పి పోయేవాళ్లు. మామయ్య పోయారు, ఆమె మోకాళ్లు మొరాయించాయి, దుకాణం మూసేశాం. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఇంట్లో మిగిలింది ఆమే, నేనూ. నేను లాప్‌టాప్ తెరిస్తే ఆమె నా కుర్చీ పక్కన తచ్చాడేది. అందుకని ఆమె ఫోన్లో మాటకు మాట చెప్పే ఏఐని నేనే పెట్టాను. నా పరిశోధన దేని మీదో తెలిసే పెట్టాను. అలసిపోయిన మనిషికి సిద్ధాంతాలు తర్వాత.

వాళ్లిద్దరికీ భలే కుదిరింది. పసుపు ధర అడిగేది, అది చెప్పగానే “గంతనా? జర చూసి చెప్పు” అని బేరానికి దిగేది. అది క్షమించమనేది. దాంతో ఆమెకు ఇంకా హుషారొచ్చేది. గోడ అవతల ఆ గొంతు వినపడుతుంటే ఇవతల నా పని కొంచెం సాగేది.

ఒకరోజు అన్నం తింటుంటే, ఇంతకీ నువ్వు రాసేదేందని అడిగింది. నల్లా సంగతితో మొదలుపెట్టాను. మన గల్లీలో ఒకరు మోటరు పెట్టి లాగితే చివరి ఇంటికి ధార సన్నబడుతుంది కదా, ఆ ఇంటివాళ్లు పడే తిప్పలు మోటరు పెట్టినవాళ్ల బిల్లులో రావు కదా, ఇదీ అంతే అన్నాను. మనం ఫోన్లో మాట్లాడితే ఎక్కడో యంత్రాలు వేడెక్కుతాయి, చాలాచోట్ల వాటిని చల్లబరచడానికి నీళ్లు పోతాయి అని చెప్పాను. క్లాసులో కూడా ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ముద్ద ఆపింది.

“ఎవలి నీళ్లు?”

“తెల్వదత్తమ్మా. అదే వెతుకుతున్న.”

మర్నాటి నుంచి ఆ గొంతు ఆగిపోయింది. దుకాణంలో ఉన్నన్నాళ్లూ పక్కవాళ్ల దగ్గర ఒక్క అరటిపండు కూడా ముఫ్తుగా తీసుకోని మనిషి. ఉత్త ముచ్చట్లకు ఎవరివో నీళ్లు వాడుకోవడం ఆమెకు నచ్చలేదు. ఆమె ఒక్కతి వాడేది లెక్కలోకే రాదన్నాను. లోకమంతా వాడుతోందన్నాను. కొన్నిచోట్ల వాడిన నీళ్లనే మళ్లీ తిప్పి వాడతారన్నాను. థీసిస్‌లో నేను తప్పుపట్టే వాదనలన్నీ వంటింట్లో నేనే వాదించాను. ఆమె వినలేదు. ఎవరి నీళ్లో కనుక్కుని చెప్పు, అప్పుడు దాంతో మాట్లాడతానంది.

ఇల్లు చప్పబడింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె టీవీ కూడా వేసుకోకుండా గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. అన్నం కెలికి లేచిపోయేది. దవాఖానకు తీసుకెళ్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నాకు భయం వేసింది. విసుగు కూడా వేసింది, దాచడం ఎందుకు. నా పని ఏ కంపెనీ చేతా ఒక్క చెంబెడు నీళ్లు తగ్గించలేకపోయింది, మా ఇంట్లో ఒక ముసలామె నోరు మాత్రం మూయించింది.

ఈలోగా గైడ్ కొత్త మాట అన్నారు. అన్నీ నష్టాలే రాశావు, లాభం ఏదీ? మనుషులకు ఈ ఏఐ ఎంత విలువైనదో కూడా కొలవాలట. దానికి మా శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. ఒక నెలపాటు ఇది లేకుండా ఉండమంటే ఎంత డబ్బిస్తే ఒప్పుకుంటారని అడుగుతాం. వాళ్లు చెప్పిన అంకే దాని విలువ. ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేదో ముందు తెలిసినవాళ్ల మీద చూసుకోమన్నారు. బయటికి వెళ్లే ఓపిక నాకు లేదు. ఆదివారం పొద్దున అత్తమ్మ మంచం దగ్గరికే కుర్చీ లాక్కున్నాను.

ప్రశ్న చదివాను. ఎట్లాగూ మానేసిన కదా, ఇంక పైసలెందుకంది. ఉత్తగా అనుకొమ్మన్నాను, ఒక అంకె చెబితే చాలన్నాను. జీవితమంతా బేరమాడిన మనిషి కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. పెద్ద అంకే వస్తుందని పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

“పైసలొద్దు బిడ్డా. నేను దాంతోని మాట్లాడే యాళ్లకు నువ్వచ్చి జర కూసో.”

నా దగ్గర బొత్తిగా లేనిదే అడిగింది. దిద్దాల్సిన పేపర్లున్నాయి, తిరిగొచ్చిన చాప్టర్ ఉంది, బాత్రూంలో బట్టలు నానుతున్నాయి. పోనీ ఇంకేదైనా అడగమని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూస్తే తగ్గే బేరంలా లేదు. పెన్ను పక్కన పెట్టాను. ఆమె మెల్లగా లేచి గోడకు ఆనుకుని కూర్చుంది, చాలా రోజుల తర్వాత చీర చెంగు సర్దుకుంది. పసుపు ఎంతుందని నన్ను అడిగింది.

నాకేం తెలుసు. నోటికొచ్చిన ధర చెప్పాను.

“గంతనా?” అంది. “జర చూసి చెప్పు.”