పదిహేడో పడవ కార్డు

దయ్యాలనీ శకునాలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున మా పాలెం. పిల్లి ఎదురైతే పడవ దించని మనుషుల మధ్య పెరిగాను కాబట్టి ఆ మాటలంటే నాకు ఒళ్లుమంట. ఇప్పటికీ అంతే. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

అరవైల్లో నాకు ఒక కొత్తరకం కోర్సులో సీటొచ్చింది. ఆరు నెలలు మద్రాసు కాలేజీలో చదువు, ఆరు నెలలు ఒక కంపెనీలో పని. ఆ పనికీ మార్కులుంటాయి. కంప్యూటర్ అనే మాట అప్పటికి మా పాలెంలో ఎవరూ వినలేదు. నన్ను కంపెనీ వాళ్ల నెల్లూరు ఆఫీసులో వేశారు. తీరం వెంట ఏ పడవలో ఎంతమంది వెళ్లారు, ఎంతమంది తిరిగొచ్చారు అనే వివరం ఒక సర్వే కోసం వారం వారం కాగితాల మీద వచ్చేది. దాన్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టి మద్రాసులో ఉన్న పెద్ద మిషన్‌కు పంపాలి.

ఒక్కో కార్డులో ఒక పడవ, ఒక రోజు. ముందు పడవ నంబరు, తర్వాత వెళ్లినవాళ్లు, వచ్చినవాళ్లు, చివర్లో తేదీ. నేను కొట్టిన కార్డును ఆఫీసులో పాత ఉద్యోగి సరోజక్క అదే కాగితం చూస్తూ రెండో మిషన్ మీద సరిచూసేది. ఆమె నొక్కిన అంకె నా చిల్లుతో కలవకపోతే మిషన్ అక్కడే ఆగిపోతుంది. ఇక మిగతాది చూడరు. ఆ కార్డు పారేసి కొత్తది కొట్టాలి.

ఒక మంగళవారం మధ్యాహ్నం పదిహేడో పడవ దగ్గర మిషన్ ఆగింది. అది మా బావ పడవ. అక్క భర్త. కాగితంలో ఐదుగురు వెళ్లారు, ఐదుగురు వచ్చారు. నా కార్డులో వచ్చినవాళ్లు నలుగురు. మళ్లీ కొట్టాను. నాలుగే. మూడోసారి నా వేలు ఐదు మీద ఉండటం కళ్లారా చూసుకుంటూ నొక్కాను. నాలుగే పడింది.

"ఇంటి మీద ధ్యాస పడినట్టుండాదే అబ్బయా" అని నవ్వింది సరోజక్క. సూపర్వైజరు విసుక్కుని తనే కూర్చుని కొట్టారు. ఐదు పడింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆ మిషన్ నా చేతిలో అలా చేయలేదు.

పాడైన కార్డులు మేమంతా పుస్తకాల్లో పేజీ గుర్తుగా పెట్టుకునేవాళ్లం. ఆ మూడూ పరీక్ష పుస్తకంలో పెట్టుకుని ఆదివారం పాలెం వెళ్లాను.

బావకు తమాషాగా చెప్పాను. ఒక కార్డు తీసుకుని, వెలుతురుకు ఎత్తి, చిల్లుల్లోంచి నన్ను చూశాడు.

"ఆ తగ్గినోడు నేనేనా ఏంది బామ్మర్దీ?"

"ఏం మాటలయ్యి? లేసి అన్నానికి రా" అని అక్క కసిరింది. బావ నవ్వుతూ కార్డును నా పుస్తకంలో పెట్టేశాడు.

ఆ తర్వాతి శుక్రవారం గాలి లేదు, సముద్రం మెత్తగా ఉంది. మధ్యాహ్నానికి పదిహేడో పడవ నలుగురితో ఒడ్డుకొచ్చింది. వల లాగుతున్నప్పుడు బావ వెనక కూర్చుని ఉన్నాడట. తిరిగి చూస్తే లేడు. కేక వినలేదు, నీళ్ల చప్పుడూ వినలేదు అన్నారు. శవం కూడా దొరకలేదు.

కర్మలయ్యాక పుస్తకం తెరిచాను. ఆ కార్డుల మీద అక్షరాలుండవు, చిల్లులే. వాటిని చదవడం మాకు నేర్పారు. తప్పు దగ్గర ఆగకుండా చివరిదాకా చదవడం అదే మొదటిసారి. నేను కొట్టింది కాగితంలో ఉన్న పాత తేదీ. మూడు కార్డుల్లోనూ ఉన్నది బావ పోయిన శుక్రవారం తేదీ.

కోర్సు పూర్తిచేశాను. జీవితమంతా కంప్యూటర్లతోనే గడిపాను. ఒక అంకె తప్పు పడటానికి వంద కారణాలు చెప్పగలను, ఆ తేదీకి మాత్రం ఒక్కటీ చెప్పలేను. అంతకంటే నన్ను తినేసేది వేరే ఉంది. ఆ ఆదివారం మా ఇంట్లో ఆ చిల్లులు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చదవలేదు.

మొన్న అక్క నా పెట్టె సర్దుతూ వాటిని బయటికి తీసింది.

"ఈ అట్టముక్కలేంది తమ్ముడా, ఇంత బద్రంగా దాచుకోనుండావు?"

"తప్పు కార్డులక్కా" అన్నాను.

"తప్పయితే పారెయ్యరాదా" అని, మళ్లీ పెట్టెలోనే పెట్టేసింది.