డాక్టరమ్మ కారులో దొంగ తీగ

ఈ మాట చెప్పకుండా చాలా ఏళ్లు బతికాను. బాగానే బతికాను కూడా. నాకు బరువైంది అదే. చిత్తూరులో నాకు సొంత షాపు ఉంది. పాత బండ్లలో కరెంటు పని పడితే జనం నన్నే వెతుక్కుంటూ వస్తారు. నేను నిలబడిన ఈ చోట ఇంకొక మనిషి నిలబడి ఉండాలి. ఆయన్ను తప్పించింది నేనే. నా పేరు చెప్పను. మీరెవరో కూడా అడగను. చివరిదాకా వినండి, చాలు.

ఆయన పేరు మునిరత్నం. ఇదే ఊళ్లో నేను పని నేర్చుకున్న కార్ల రిపేరు షెడ్డులో పెద్ద ఎలక్ట్రీషియన్. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన నాకు టెస్టర్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. తీగ కొన ఎంత ఒలవాలో, సీసం ఎప్పుడు కరిగించాలో, ఎప్పుడు చెయ్యి తీసేయాలో మునిరత్నం అన్నే నేర్పాడు. గది దొరికేదాకా వాళ్లింటి వరండాలో పడుకున్నాను. వదిన కట్టిచ్చే సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి ఇద్దరం పంచుకు తినేవాళ్లం. ఒక్కసారి కూడా ఆయన నాతో విసుగ్గా మాట్లాడినట్టు గుర్తులేదు. అలాంటి మనిషి మీద నాకు అసూయ ఎందుకు కలిగింది? మంచివాడు కావడం వల్లేనా? షెడ్డుకు వచ్చే ప్రతివాడూ "మునిరత్నం ఉండాడా?" అని అడిగేవాడు. పక్కనే ఉన్న నేను ఎవరికీ కనబడేవాణ్ణి కాదు. అంతకు మించి కారణం ఎంత వెతికినా దొరకలేదు.

ఊళ్లో ప్రసవాలు చేసే డాక్టరమ్మకు ఒక పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఉండేది. వాళ్ల నాయన మద్రాసులో కొన్నది. ముదురాకుపచ్చ రంగు, పైన గుడ్డ టాపు. దాని వైరింగును ఎవరెవరో ఎలాగెలాగో మార్చేశారు. మొదట ఎలా ఉండేదో అలాగే చేసిపెట్టమని ఆమె మునిరత్నం అన్నకు అప్పగించింది. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్‌కు ఆ కారులో బ్యాటరీ కరెంటు మొత్తం నేరుగా పోకూడదు. నడుమ కరెంటును తగ్గించే ప్రత్యేకమైన తీగ ఒకటి ఉంటుంది. స్టార్టు చేసే క్షణంలో మాత్రం వేరే దారిలో పూర్తి కరెంటు అందుతుంది, ఇంజను అందుకోగానే ఆ దారి మూసుకుంటుంది. అన్న ఒక్కొక్క తీగను అసలు రంగు చూసి, అసలు దారిలోనే పరిచాడు. ఆ స్టార్టు దారిలోని స్విచ్చు మాత్రం అరిగిపోయింది. దానికోసం చెన్నైకి వెళ్లాడు.

ఆ రోజే డాక్టరమ్మ మనిషిని పంపింది, మర్నాడు కారు కావాలని. అది ఎంతసేపు తిప్పినా అందుకోవడం లేదు. షెడ్డు యజమాని విసుక్కుంటున్నాడు. అన్న లేకపోయినా పని జరుగుతుందని ఆయనకు చూపించాలనిపించింది నాకు. కీ స్విచ్చు నుంచి కాయిల్‌కు నేరుగా ఒక తీగ లాగాను. ఫ్యూజు లేదు. ఇంజనుకూ లోపలికీ మధ్య ఉన్న ఇనుప రేకు రంధ్రంలోంచి, రబ్బరు కూడా పెట్టకుండా, దాన్ని దూర్చేశాను. అన్న చుట్టిన టేపు విప్పి, అందులో కలిపేసి, మళ్లీ చుట్టాను. కారు కీ తిప్పగానే అందుకుంది. యజమాని నవ్వాడు. వదులైన కనెక్షన్ బిగించానని చెప్పాను.

అది తప్పని నాకు తెలియదా? తెలుసు. రేకు అంచు తీగను కోస్తుందని నాకు నేర్పిందే ఆయన.

అన్న తిరిగొచ్చి, కారు వెళ్లిపోయిందని విని, నా వీపు తట్టాడు. కొత్త స్విచ్చు వేయాలి, ఒకసారి కారు పంపమని డాక్టరమ్మకు కబురు పెట్టాడు. ఆమెకు తీరిక లేదు. ఇంతలోనే, తిరుపతికి వెళ్తుంటే చంద్రగిరి దగ్గర డ్యాష్‌బోర్డు కింద పొగ లేచింది. ఆమె కారు పక్కకు తీసి కీ తిప్పి ఆపబోయింది. కరిగిన ప్లాస్టిక్ కుడి మణికట్టు మీద పడింది. కాలిన చర్మం చాలాకాలం మానలేదు. అన్నాళ్లూ ఆమె ఆపరేషన్లు చేయలేకపోయింది.

తీగలన్నీ ఎవరు వేశారని యజమాని నన్ను అడిగాడు. మునిరత్నమే వేశాడని చెప్పాను. చూడండి, అది అబద్ధం కూడా కాదు. ఒక్క తీగ తప్ప అన్నీ ఆయన వేసినవే. ఆ ఒక్కదాని గురించి నోరు మూసుకున్నాను. కారును తోసుకెళ్లి డాక్టరమ్మ ఇంటి వెనక షెడ్డులో పెట్టేశారు. విప్పి చూద్దామని ఎవరూ అనలేదు. అన్నను పనిలోంచి తీసేశారు.

వెళ్లే ముందు ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు. వైద్యుణ్ణి అడిగినట్టు అడిగాడు.

"నేను యాడన్నా తప్పు చేసినానా అబ్బా? నువ్వు పక్కనే ఉండినావు గదా. సూసింటే చెప్పు."

"నాకు తెలీదన్నా. నేను సూడలేదు."

"యాడో చేసింటాను. లేకుంటే ఎట్ల కాలతాది?"

ఆయన టూల్స్ పెట్టె నాకే ఇచ్చేసి వెళ్లాడు. తీసుకున్నాను. ఆ చేతులు ఎలా చాచానో ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత ఆయన సూళ్లూరుపేటలో కాపురం పెట్టి శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పనికి చేరాడని తెలిసింది. కరెంటు పని ముట్టడం లేదట. షెడ్డులో ఆయన స్థానం నాదైంది. నాకు పెళ్లయింది. నా భార్యకు కాన్పు కష్టమైనప్పుడు ఆ డాక్టరమ్మే ఇద్దరినీ కాపాడింది. బిడ్డను నా చేతిలో పెడుతున్నప్పుడు ఆమె మణికట్టు మీద మచ్చ కనబడింది. ముడుతలు పడి, మెరుస్తూ ఉంది. ఆమె "ఆడబిడ్డ, బాగుండాది" అంది. నేను ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని ఆమె భుజం తట్టింది. సంతోషం కూడా ఉంది, కాదనను. నా జీవితంలో మంచిదంతా నేను అన్యాయం చేసిన ఆ ఇద్దరి చేతుల మీదుగానే వచ్చింది. దానికి ఎవరికి దండం పెట్టాలో తెలియక, తిరుమల కొండెక్కిన ప్రతిసారీ మౌనంగా నిలబడి వచ్చేవాణ్ణి.

పోయిన ఏడాది డాక్టరమ్మ నా షాపుకు వచ్చింది. రిటైరైంది, జుట్టంతా తెల్లబడింది. ఆ కారు మళ్లీ నడపాలనుంది, వైరింగ్ మొదట్లో ఉన్నట్టే కావాలి అంది. ఆ కారు సంగతి మునిరత్నానికే బాగా తెలుసు, యాడున్నా పిలిపించు అని కూడా అంది. ఆమె మనసులో ఆయన మీద కోపం ఎప్పుడూ లేదట. పని అన్నాక పొరపాటు జరగదా, షెడ్డువాళ్లు అంత మాత్రానికే ఆయన్ను పంపేశారని తనకు ఆలస్యంగా తెలిసిందట.

నంబరు సంపాదించి ఫోన్ చేస్తే అన్న ముందు రానన్నాడు. తీగలు ముట్టడం మానేశానన్నాడు. కారును చూడటానికైనా రమ్మన్నాను. సెలవు రోజు చూసుకుని వస్తానన్నాడు.

కారును నా షాపుకు తెప్పించి, ఆయన వచ్చేలోపు నేనొక్కణ్ణే టేపు విప్పాను. నల్లగా మాడిన కట్ట నడుమ నా తీగ ఉంది. రేకు కోసిన చోటు కూడా స్పష్టంగా కనబడింది. కట్టరు చేతిలోనే ఉంది. కత్తిరించి చెత్తలో పారేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. ఎందుకు పారేయలేదు? ధైర్యం అని చెప్పుకోలేను. కట్టరు తీగ మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అంతే. "యాడో చేసింటాను" అన్న ఆయన మాటే చెవిలో వినిపిస్తూ ఉంది. నన్ను అనుమానించి ఉంటే బహుశా కత్తిరించేవాణ్ణి. ఆయన తనను తాను అనుమానించుకుంటూ ఇన్నేళ్లు బతికాడు.

అన్న బస్సు దిగి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి పలకరించినట్టు నిలబడ్డాడు. నేను ఆ తీగను చూపించి, ఇది నేను వేసింది, నువ్వు చెన్నైకి పోయినప్పుడు వేసినాను, కాలింది దీనివల్లే, తెలిసి కూడా నీకు చెప్పలేదు అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను. తర్వాత క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది కానీ, అడిగే అర్హత ఉందనిపించక ఆగిపోయాను.

ఆయన నా వైపు చూడలేదు. వంగి, కళ్లద్దాలు సర్దుకుని, తను వేసిన అతుకులు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. మాడిన చోట కూడా అవి ఊడలేదు. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"నా జాయింట్లు నిలిచే ఉండాయి."

ఆయన కళ్లనుంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు. బయటికి వెళ్లి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. భోజనానికి పిలిస్తే తల అడ్డంగా ఊపాడు. ఇక బస్సెక్కేస్తాడనుకున్నాను. తిరిగొచ్చి సోల్డరింగ్ ఐరన్ అడిగాడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి మొత్తం వైరింగ్ కొత్తగా ఆయనే పరిచాడు. కరెంటు తగ్గించే తీగ, స్టార్టు దారి, రంధ్రానికి రబ్బరు, అన్నీ. అది ఇవ్వు, ఇది పట్టుకో, ఇంతకు మించి నాతో మాట్లాడలేదు. ఆ మాత్రం మాటలకే నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆయన చేతి కింద మళ్లీ పని చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

డాక్టరమ్మకు ఆమె ఇంట్లోనే చెప్పాను. ఆమె మచ్చను రెండో చేత్తో రుద్దుకుంటూ విన్నది.

"ముందు మునిరత్నానికి చెప్పినావా?"

చెప్పానన్నాను. తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

కారు సిద్ధమైన రోజు పొద్దున ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. ఇంజను తిప్పగానే అందుకుంది, పొందికగా, దగ్గు లేకుండా. ఆమె పక్క సీటు తలుపు తెరిచి అన్నను పిలిచింది. ఆ కారులో ఉన్నవి రెండే సీట్లు. ఇద్దరూ తిరుపతి రోడ్డు పట్టారు. గాలికి అన్న చొక్కా కాలరు ఎగురుతుండటం మలుపు దాకా కనబడింది. ఆయన వెనక్కి తిరగలేదు. తిరుగుతాడని నేను నిలబడలేదు. ఆ చప్పుడు వినబడినంతసేపు వినాలని నిలబడ్డాను.

అన్న ఆ తర్వాత ఫోన్ చేయలేదు. సూళ్లూరుపేటలో చిన్న షాపు తెరిచాడని, ఆటోలకు వైరింగ్ చేస్తున్నాడని విన్నాను. ఆయన పెట్టె తుడిచి, నూనె రాసి, బస్సులో పంపాను. అందిందని వదిన చెప్పింది, అంతే. మన్నించాడో లేదో నాకు తెలియదు. అది ఆయన ఇష్టం. నేను చేసింది చేసిందే, అది నేనే చేశాను. ఈ మాట నా నోటితో నేను అనగలుగుతున్నాను. అది వినేందుకు ఆయన ఇంకా బతికి ఉన్నందుకు ఆయనకూ, ఆ కారును మళ్లీ నా ముందుకు తెచ్చినందుకు డాక్టరమ్మకూ, రోజూ మనసులో దండం పెట్టుకుంటున్నాను.