దుప్పులు ముట్టని పెరడు

భూపాలపల్లి అవతల, అడవికి ఆనుకుని ఉన్న ఊళ్లో వీరమ్మకు ఒక పెంకుటిల్లు, ఇంటి వెనక నాలుగు గుంటల నేలలో పెరడు, ఇంటి లోపల రాజలింగు అనే భర్త ఉన్నారు. ఈ మూడింటిలో కనిపెట్టుకుని ఉండాల్సింది పెరడు ఒక్కటే. రాజలింగును ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటాడు.

పెరట్లో బెండ, గోంగూర, అలసంద, ఒక చిక్కుడు పందిరి ఉండేవి. ఆమె చేతి గుణమో, వాగు పక్క నేల గుణమో గానీ, ఏది వేసినా విరగకాసేది. ఆ సంగతి ఊరివాళ్లకంటే ముందు అడవిలోని దుప్పులకు తెలిసింది. తెల్లారుతూనే ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి, చుట్టాల్లా వచ్చి పోయేవి. లేత చిగుళ్లు ఏరుకుని తిని, ముదురు ఆకు వదిలేసేవి. వీరమ్మకు ఒళ్లు మండేది అక్కడే. తింటే తిన్నాయి, పైగా వంకలు పెడతాయా అని.

కంచెకు కరెంటు పెట్టడం, ఉచ్చులు బిగించడం ఆమెకు గిట్టవు. గిట్టినా జైలుకు పోవాలి. అందుకని ఒక పాత స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని తానే కాపలా కూర్చుంది. మూడేళ్లుగా కూర్చునే ఉంది. పొద్దున లేస్తే పళ్లెం, సాయంత్రమైతే పళ్లెం. మధ్యలో దొరికే ఆ కాస్త ఎండపూటలో ఏ ఊరు పోయి రాగలదు? చిన్న ఆడబిడ్డ కొడుకు పెళ్లికి పోలేదు. మేనమామ దినాలకు పోయి, అన్నం తినకుండానే బస్సెక్కింది. "దుప్పులేమో తిరుగుతున్నయి, మన వీరవ్వనేమో పెరట్ల కట్టేసిండ్రు" అని ఊళ్లో ఆడవాళ్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, పళ్లెం కింద పెట్టకుండా.

ఆషాఢంలో నర్మెట్ట నుంచి చెల్లెలు ముత్తమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, దసరా ఎల్లినంక నా కంటికి ఆపరేషన్ అన్నరు, జనగామల. నెల దినాలు చుక్కల మందు ఎయ్యాలెనట. నువ్వు రావాలె."

"నీ కోడలు లేదా?"

"కల్పన పొద్దుగాల పనికి పోతే పొద్దుమీకి వస్తది. దినానికి నాలుగు మాట్ల ఎయ్యాలె. మీ మరిదికి చేతులు వణుకుతయి. కంట్ల ఏస్తడో ముక్కుల ఏస్తడో."

"నేనస్తే ఈడ పెరడు..."

ముత్తమ్మ గొంతు తగ్గించి అంది: "మొదటి కన్ను చేసినప్పుడు గూడ గిదే అన్నవు. మందు సక్కగ పడక గా కన్ను మసకనే ఉండిపాయె. ఇగ మిగిలింది గిదొక్కటి. నిన్ను అడిగేదేంది గని, జర ఫోన్ ఆ దుప్పులకియ్యి, వాటినే అడుగుత."

ఆ రోజు వీరమ్మ అన్నం సగమే తింది. కాపలాకు రాజలింగును పెట్టి పోతే ఎట్లా ఉంటుందో చూద్దామని, సాయంత్రం పళ్లెం ఆయన చేతికిచ్చి కిరాణా కొట్టుకు పోయి వచ్చింది. వచ్చేసరికి ఆయన ఆ పళ్లెంలో అటుకులు పోసుకుని తింటున్నాడు. రెండు దుప్పులు అలసంద సాలులో ఉన్నాయి.

"అండ్ల ఒకటి పిల్లది ఉన్నదే. కొడితే బెదురుతదని ఊకున్న" అన్నాడు.

ఇక ఒకటే దారి మిగిలింది. దుప్పులు తిననివే వేసుకోవాలి. ఏవి తినవో ఊళ్లో ఎవరికీ తెలియదు, కానీ అందరూ చెప్పారు. చివరికి తండా నుంచి రోజూ మేకల్ని తోలుకొచ్చే సక్రి ఒక ఉపాయం చెప్పింది.

"మేక తిననిది దుప్పి గూడ తినది పెద్దవ్వా. నా తెల్లమేకకు పెట్టి చూడు. అది నా కొంగునే తిన్నది."

మాట సబబుగానే ఉంది. రోజూ సాయంత్రం సక్రి మేకల్ని ఇంటికి మళ్లించే వేళకు వీరమ్మ దారి పక్కన కొమ్మలు వరుసగా పరిచేది. తెల్లమేక పెద్దమనిషిలా నడిచివచ్చి ఒక్కొక్కటీ వాసన చూసేది. వంగ ఆకు చూసి మూతి తిప్పుకుంది. టమాట వద్దంది. కాకర తీగను, చామంతిని దాటుకుని పోయింది. వీరమ్మ పొంగిపోయింది. బెండ, గోంగూర, అలసంద పీకేసి ఆ నాలుగూ నాటింది. చిక్కుడు పందిరిని మాత్రం ముట్టలేదు. పూతకు రాబోయే తీగను పీకే చెయ్యి ఆమెది కాదు.

శ్రావణం చివర ఒకరోజు ధైర్యం చేసి, కాపలా మానేసి, పళ్లెం కడిగి బోర్లించింది. బాగా తెల్లారాక పోయి చూస్తే వంగ మొక్కలకు కాడలు మిగిలాయి. టమాటలకూ కాకరకూ అవి కూడా లేవు. చిక్కుడు తీగ పందిరి మీదికి పాకిన మేరకే మిగిలింది. చామంతులు ఉండాల్సిన చోట గిట్టల గుర్తులున్నాయి.

సక్రి రాగానే వీరమ్మ దారికి అడ్డం నిలబడింది. "నీ మేక అబద్ధాలది."

"మేక ఏం జేసింది పెద్దవ్వా? పొద్దంత అడవిల మేసి, కడుపు డోలు లెక్క జేసుకొని వస్తది. గప్పుడు పాయసం పెట్టినా వద్దంటది. పొద్దుగాల, ఆకలి మీద ఉన్నప్పుడు పెట్టాలె."

"గా మాట ముందుగాల చెప్పద్దా?"

"పెద్దదానివి, తెలిసే పొద్దుమీకి పిలుస్తున్నవనుకున్న."

వీరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నెలన్నర పోయింది. దసరాకు మిగిలింది కూడా దాదాపు అంతే.

మర్నాటి నుంచి పరీక్ష పొద్దున్నే జరిగింది. ఖాళీ కడుపుతో వచ్చిన మేక, కొమ్మలు పరుస్తున్న చేతిని కూడా నాకి చూసింది. అది తిననిది దొరకడానికి వారం పట్టింది. పసుపు ఆకు నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. నిమ్మగడ్డి దగ్గర తుమ్మింది. వాము ఆకునూ తులసినీ సీతాఫలం కొమ్మనూ ముట్టలేదు. బంతి దగ్గర కాసేపు ఆలోచించి వదిలేసింది. గన్నేరు దగ్గరికి సక్రే రానివ్వలేదు. "అది తింటే సస్తది. నాకున్నది గీ ఒక్క తెల్లదే" అంది.

వీరమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఎవరి పెరట్లో అవి కనబడితే వాళ్లను బతిమాలి, గడ్డలతో వేళ్లతో సహా తెచ్చి నాటింది. పెరడు నిండింది. వాసన వీధి దాకా వచ్చేది.

"మందుల దుకాణం లెక్కున్నది. తినేటిది ఏమన్న ఉన్నదా ఇండ్ల?" అన్నాడు రాజలింగు.

"నిమ్మగడ్డి ఏసి చాయ్ పెడుత తాగు."

"దుప్పి వద్దన్నది నాకు పెడుతవా?"

దుప్పులు మాత్రం రావడం మానలేదు. వచ్చి, పసుపు సాళ్ల మధ్య నుంచి ముక్కు పైకెత్తుకుని నడిచి, తిన్నగా చిక్కుడు పందిరి దగ్గర ఆగేవి. తతిమ్మా పెరడంతా వాటికి దారి అయింది, అంతే. వీరమ్మ మళ్లీ పళ్లెం అందుకోక తప్పలేదు.

బతుకమ్మ పండుగ వెళ్లింది. దసరా వెళ్లింది. మంగళవారం ఆపరేషన్ అని ముత్తమ్మ చెప్పింది. రమ్మని ఈసారి అడగలేదు.

ఆదివారం సాయంత్రం వీరమ్మ పందిరి కింద కూర్చుంది. పైన కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాగు గట్టు మీద ఒక దుప్పి నిలబడి ఆమెనే చూస్తోంది. దానికి తొందర లేదు. అడవంతా దానిదే, విసుగొస్తే పోతుంది. నాలుగు గుంటలకు కూర్చున్న మనిషి ఇప్పుడు ఒక్క తీగకు కూర్చుంది, అదే పీట మీద, అదే పళ్లెంతో. ఇట్లాగే కూర్చుంటే మంగళవారం వస్తుంది, పోతుంది. నర్మెట్టలో వణికే చేతులు ఆ మందు సీసా పట్టుకుంటాయి.

ఆమె లేచి కొడవలి తెచ్చింది. చెయ్యి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి తీగ మొదలు తెగింది.

పెరటి అరుగు మీది నుంచి చూస్తున్న రాజలింగు మెల్లగా అడిగాడు: "నన్ను గూడ గిట్లనే కోసి పోతవా ఏంది?"

"నువ్వు దుప్పులకు పనికిరావు. సల్లగ ఉండు. సద్ది రెండు పూటలకు పెట్టిన, తర్వాత సక్రి వండిపెడుతది."

సోమవారం పొద్దున తీగంతా తెల్లమేక ముందు వేసి, కాయలు సంచిలో పోసుకుని బస్సెక్కింది. హనుమకొండలో దిగి జనగామ బస్సు, అక్కడి నుంచి నర్మెట్ట బస్సు. దారిలో పొద్దు వాలుతుంటే కుడి చెయ్యి ఊరికే లేచి గాలిలో కొట్టబోయేది. పక్క సీటామె కొంచెం జరిగి కూర్చుంది.

ముత్తమ్మ ఇల్లు చూసి వీరమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. అరుగు నుంచి చూరు దాకా ఇనుప జాలీ కొట్టి ఉంది. లోపల చెల్లెలు పంజరంలో చిలకలా నిలబడి ఉంది.

"కోతులు అక్కా. ఇంట్లకొచ్చి అన్నం గిన్నె ఎత్కపోతున్నయి. జల్ది లోపటికి రా, గొళ్లెం పెట్టాలె."

మంగళవారం ఆపరేషన్ అయింది. మరునాడు పట్టీ తీసి ఇంటికి పంపారు. మధ్యాహ్నం ముత్తమ్మను చాప మీద పడుకోబెట్టి, వీరమ్మ చేతులు కడుక్కుని సీసా అందుకుంది. బయట ఒక కోతి జాలీని పట్టుకుని ఊపుతోంది. వీరమ్మ అటు చూడలేదు. చెల్లెలి రెప్పను వేలితో కిందికి లాగి, ఒకే ఒక్క చుక్క వేసింది.

"పడ్డదా?"

"పడ్డది. మెదలకు."

ముత్తమ్మ కాసేపు కన్ను మూసుకుని, తెరిచి, మీదికి వంగి ఉన్న ముఖాన్ని తేరిపార చూసింది.

"అక్కా, నీ తల గింత తెల్లగ ఎప్పుడైందే?"

వీరమ్మ సీసా మూత బిగించింది. "మూడేండ్లాయె. కన్ను మూసుకో, మందు కారుతది."