మూసిన బూత్‌లో మోగిన ఫోను

మండపేటలో ఒక రైస్‌మిల్లు గుమస్తాగా ఉన్నన్నాళ్లూ నాది ఒకటే కోరిక: నా సెలవు నేనే మంజూరు చేసుకోవాలని. మిల్లు షావుకారు చెడ్డవాడేం కాదు. కాకపోతే సెలవడిగితే ముందు నన్నూ, తర్వాత గోడ గడియారాన్నీ, చివరికి పైకప్పునీ చూసేవాడు. ఆ మూడు చూపులూ భరించలేక తొంభైల మధ్యలో ఉద్యోగం మానేసి, కాలువ వంతెన దగ్గర ఎస్టీడీ బూత్ పెట్టాను. మా అమ్మ అందరితోనూ "మావాడు ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు" అని చెప్పుకునేది. 'బూత్' అన్న మాట మాత్రం పెద్దింటి ఆడది నోటితో పలక్కూడదనేది.

స్వయం ఉపాధి స్వయంపాకం లాంటిది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వండుకోవచ్చు. ఉప్పెక్కువైతే తిట్టడానికి ఇంకో మనిషి మాత్రం దొరకడు. మొదట్లో ఆ ఉప్పు నాకు తెలియలేదు. కునుకు పడితే కునుకు, సినిమా అయితే సినిమా. అట్టముక్క మీద ఎర్రసిరాతో "ఇప్పుడే వచ్చెదను" అని రాసి పెట్టుకున్నాను. అది షట్టరుకు తగిలిస్తే చాలు, సెలవు మంజూరైనట్టే. 'వస్తాను' అంటే గుమస్తాలా ఉంటుందని 'వచ్చెదను' అన్నాను. ఎప్పుడొస్తానో నాకే తెలియదు కాబట్టి 'ఇప్పుడే' అన్నది ఏ వేళకైనా సరిపోయేది.

అప్పట్లో ఇళ్లల్లో ఫోన్లు తక్కువ. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు బూత్ నంబరుకే చేసేవారు. ఇక్కడివాళ్లు ఆ వేళకొచ్చి బల్ల మీద కూర్చునేవారు. అలా వచ్చే వాళ్లల్లో ఒకావిడ ఉండేది, మిల్లుల్లో బియ్యం చెరిగే కూలిమనిషి. చెల్లెలు కువైట్‌లో ఉంటే, ఆ చెల్లెలి ఐదేళ్ల కూతుర్ని ఈవిడే పెంచుతోంది. శుక్రవారం మధ్యాహ్నం అక్కడి దొరలు భోజనానికి బయటకెళ్తారట. ఆ సందులో చెల్లెలు వాళ్ల ఫోను నుంచే దొంగతనంగా మాట్లాడేది. తిరిగి చేయడానికి మాకు నంబరంటూ లేదు.

ఒక శుక్రవారం మాట్లాడి పెట్టేశాక ఆవిడ నా బల్ల ముందే నిలబడిపోయింది.

"ఏమైందక్కా?"

"కాయితం అయిపోయిందంటండీ బాబుగారూ. ఇంకో నాలుగేళ్లు ఉంటావా, ఇంటికి పోతావా అనడుగుతున్నారంట. వచ్చే శుక్రవారం చేస్తాది, నన్నే చెప్పమంది."

"మరేం చెబుతావు?"

"వచ్చెయ్యవే అంటానండి. ఇంకేటంటాను? పిల్లకి దాని మొకమే గుర్తులేదు."

వారమంతా దారిలో ఎక్కడ కనబడినా, "శుక్రవారం మర్చిపోకండే" అనేది. "ఆయ్, నేనెందుకు మర్చిపోతానక్కా" అనేవాణ్ణి.

మర్చిపోయాను. ఆ శుక్రవారం హాల్లో సినిమా ఆఖరి రోజు. భోజనం చేసి, అట్ట తగిలించి, సైకిలెక్కి మ్యాట్నీకి పోయాను. ఇంటర్వెల్లో గోలీసోడా తాగుతుంటే గుర్తొచ్చింది. హాలు గడియారంలో పావు తక్కువ నాలుగు. బూత్‌కి సైకిలు మీద పది నిమిషాలు. సీసాలో గోలీ కటకటలాడిస్తూ కాసేపు ఆలోచించాను. ఈపాటికి ఫోను వచ్చి పోయే ఉంటుంది, రాకపోతే వచ్చే వారం వస్తుంది, సగం సినిమా ఎందుకు పాడు చేసుకోవడం? నాకు నేనే ఇంకో గంటన్నర మంజూరు చేసుకుని లోపలికి వెళ్లాను. పైకప్పు కేసి చూసేవాడు లేడు కదా.

తిరిగి వచ్చేసరికి ఐదున్నర అయింది. షట్టరు ముందు మెట్టు మీద ఆవిడా, పిల్లా కూర్చుని ఉన్నారు. పిల్ల పరుగెత్తుకుంటూ ఎదురొచ్చి నాకు చెప్పింది.

"అమ్మ మోగిందండీ! లోపల అమ్మ మోగింది!"

ఆవిడ మెల్లగా లేచింది. "మూడుసార్లండీ. రెండుసార్లు ఆఖరుదాకా మోగింది. మూడోసారి మిల్లు సైరను కూస్తుంటే మొదలై, సగంలో ఆగిపోయింది. వచ్చెయ్యవే అని షట్టరు సందులోంచి అరిచానండి. పిచ్చిదాన్ని."

"మరి... టీకొట్టులో ఎవరినైనా నా కోసం పంపకపోయావా అక్కా?"

"ఇప్పుడే వస్తానని రాశారు కదండీ. టీకొట్టాయన చదివి చెప్పాడు. అందుకే కూర్చున్నాం."

సామర్లకోటలో అర్జంటు పని పడిందని చెప్పాను. "మీకూ పనులుంటాయి కదండీ" అంటూ నన్నే ఓదార్చింది.

మిల్లు సైరను కూసేది నాలుగింటికి. నేను గోలీసోడా తాగింది పావు తక్కువ నాలుగుకి. ఈ లెక్క అప్పటినుంచీ ఎన్నిసార్లు వేశానో! ఎటునుంచి వేసినా ఐదు నిమిషాలు మిగులుతూనే ఉన్నాయి. ఇప్పటికీ సైరను వింటే తాళం చెవి కోసం చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. నెలన్నరకి ఉత్తరం వచ్చింది. కాయితం మీద సంతకం పెట్టేసిందట. వేరే ఇంటికి మార్చారట, అక్కడ ఫోను ముట్టనివ్వరట.

మిల్లులో ఇలాంటి తప్పు చేసి ఉంటే షావుకారు నాలుగు తిట్టి ఆ సాయంత్రమే పని మానిపించేవాడు. నేనూ ఆయన్ని నాలుగు తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి. ఇక్కడ నన్ను తీసేసే అధికారం నా ఒక్కడిదే. ఆ ధైర్యమూ నా దగ్గర లేదు. తీసెయ్యలేక, నాలుగేళ్లు ఒక్క శుక్రవారమూ షట్టరు దించలేదు. జ్వరమొస్తే ఫోను పక్కనే చాప వేసుకుని పడుకునేవాణ్ణి. అంత కఠినమైన యజమాని దగ్గర నేనెన్నడూ పనిచెయ్యలేదు. ఆవిడ మాత్రం ప్రతి శుక్రవారం కాసేపు కూర్చుని, ఏమీ అడక్కుండా వెళ్లిపోయేది.

నాలుగేళ్లయ్యాక ఆ చెల్లెలు వచ్చింది. అప్పటికి సెల్‌ఫోన్లు మొదలై, నా బూత్‌లో సగం జిరాక్స్ మిషను ఆక్రమించింది. అక్కతో కలిసి వచ్చి బల్ల మీద కూర్చుంది. తొమ్మిదేళ్ల పిల్ల పెద్దమ్మ కొంగు పట్టుకుని వెనకే నిలబడింది. ఎన్నిసార్లు రమ్మన్నా తల్లి పక్కకు రాలేదు.

"మూడోసారి నేనే పెట్టేశానండి," అంది చెల్లెలు. "ఎవరూ ఎత్తట్లేదంటే, రావద్దని నోటితో చెప్పలేక అక్కే ఎత్తనివ్వట్లేదనుకున్నాను. ఇంక ఉండిపోయాను."

అక్క మొహం తిప్పుకుంది. "బాబుగారు పాపం సామర్లకోట వెళ్లారే ఆ రోజు," అంది.

అబద్ధానికి నాలుగేళ్లు కాపలా కాశాక నాకూ ఓపిక అయిపోయింది.

"సామర్లకోట కాదక్కా. సినిమాకెళ్లాను. ఇంటర్వెల్లో గుర్తొచ్చింది. అయినా రాలేదు."

జిరాక్స్ మిషను చల్లారుతూ టిక్కుమంది. చెల్లెలు నా కేసి తిరిగి అడిగింది.

"బాగుందాండీ సినిమా?"

వెటకారమో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ తెలియదు. జవాబు చెప్పడానికి ఆ రెండో సగంలో ఒక్క సీనైనా గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఒక్కటీ రాలేదు.