వెనకంచు మీద లప్పం

పుంగనూరులో లారీ బాడీలకు రంగులు వేయడం నా పని. రేకు మీద సొట్ట కనిపిస్తే నాకు అన్నం సహించదు. ఏటవాలు ఎండలో ఒంటికన్నుతో చూసి, అరచేత్తో తడిమి, పల్లం ఎక్కడుందో పట్టేస్తాను. ఆ పల్లాన్ని లప్పంతో పూడ్చి, ఉప్పు కాగితంతో రుద్ది, అద్దంలా మెరిసేదాకా వదలను. ఇది గొప్ప గుణమని నలుగురూ అంటుంటే నేనూ నమ్మేశాను.

మా అక్క భర్త విమానాల మరమ్మతు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇంటిపట్టున కూర్చోలేక, మదనపల్లె రోడ్డులో ఉన్న తన షెడ్డులో ఒక చిన్న విమానం కట్టడం మొదలుపెట్టాడు. ఒక్క మనిషి పట్టేది. అనుమతి కాగితాల కోసం, నడపడం నేర్చుకోవడం కోసం ఆయన తిరిగిన తిరుగుడు చూసి మొదట్లో నవ్వుకున్నాను. కొన్నాళ్లకు షాపు మూయగానే నా కాళ్లు కూడా ఆ షెడ్డు వైపే పోయేవి.

విమానం రెక్కల వెనక, తలుపుల్లా పైకీ కిందికీ కదిలే పలకలు ఉంటాయి. పక్కకు ఒరగాలంటే అవి కదలాలి. బావ ఒక్కో పలకను, దాని కీలు దగ్గర, రెండు కత్తి అంచుల మీద ఆనించి తూకం చూసేవాడు. వెనకభాగం కిందికి వాలకూడదు. వాలితే ముందువైపు సీసం ముక్క చేర్చేవాడు.

"యాల ఇంత సాదస్తం బావా?" అని అడిగాను ఒకసారి.

"వెనక బరువెక్కితే, జోరు మీద పలక దానంతటదే కొట్టుకుంటాది. రెక్కను పీకేస్తాది. లోపల కూసున్నోడు మిగలడప్పా" అన్నాడు.

తూకం చూడటం నాకూ నేర్పాడు. ఆ తర్వాత నేను "సమంగా ఉండాది బావా" అంటే చాలు, ఆయన మళ్లీ వంగి చూసేవాడు కాదు. అంత నమ్మకం.

రంగు వేయడానికి పలకలను టెంపోలో మా షాపుకు తెచ్చుకున్నాం. దారిలో ఒకదాని వెనకంచు దగ్గర చిన్న సొట్ట పడింది. బావ దాన్ని వేలితో తడిమి చూసి, "ఉంటే ఉండనీ. పల్చగా ఒక్క కోటు రంగు ఎయ్యి, సాలు. లప్పం మాత్రం ముట్టొద్దు" అని చెప్పి, విమానం ఎగరేసే మైదానం చూసుకోవడానికి కుప్పం వెళ్లాడు.

ఆ సొట్ట నన్ను నిలవనివ్వలేదు. ఎగరేసే రోజు బంధువులందరూ వచ్చి చూస్తారు, నా పని అని చెప్పుకోవాలి. లప్పం పట్టించాను. దాని మీద రెండు కోట్లు వేశాను. ఆరాక కత్తి అంచుల మీద పెట్టి చూస్తే వెనకభాగం మెల్లగా కిందికి వాలింది. నా కళ్లతో నేను చూశాను. లారీల మీద లప్పం కిలోలకొద్దీ దట్టించే చేతులు నావి. ఇంత పిసరుకు ఏమవుతుందిలే అనుకున్నాను. గీకేస్తే ఆ మెరుపు పోతుందన్న బాధ ఒకటి.

బావ కుప్పం నుంచి ఫోన్ చేశాడు. "రంగు తర్వాత తూకం సూసినావా?"

"సూసినా బావా. సమంగా ఉండాది."

మరుసటి వారం కుప్పం అవతల ఎర్రనేల మైదానంలో బావ విమానం పైకి లేపాడు. బంధువులు ఈలలు వేశారు. రెండో చుట్టులో బావ జోరు పెంచగానే నేను లప్పం పెట్టిన పలక ఉన్న రెక్క చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఆయన వెంటనే జోరు తగ్గించి, ఎలాగో దింపుకొని వచ్చాడు. దిగేటప్పుడు చెయ్యి చాపాడు. నేనే పట్టుకున్నాను.

"నా కండ్లు పోయినట్టుండాయప్పా" అన్నాడు అందరి ముందూ. "తూకం సమంగానే ఉండాదంట, బిగించేటప్పుడు నేనే ఏందో సూసుకోలేదు. ఇంక నేను దీని జోలికి పోను."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. చుట్టూ ఉన్న బంధువులకు భయపడి, తల వంచుకొని ఆయనకు నీళ్ల సీసా అందించాను. సిగ్గులేని బతుకు!

షెడ్డుకు తాళం పడింది. నెల తర్వాత అక్క పోరు పడలేక మదనపల్లెలో కంటి డాక్టరు దగ్గరికి నా బైకు మీదే వచ్చాడు. డాక్టరు అక్షరాలు చదివించి, దగ్గర చూపుకు వాడే అద్దాలే సరిపోతాయని, కళ్లు చక్కగా ఉన్నాయన్నాడు. బావ ముఖంలో సంతోషం లేదు. తిరుగుదారిలో నా వెనక కూర్చొని, "కండ్లు బాగుండాయంటే బుద్ధే పోయినట్టు కదా" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట తట్టుకోలేకపోయాను. ముఖం చూడనక్కర్లేదన్న ధైర్యంతో, రోడ్డు వైపు చూస్తూనే మొత్తం చెప్పేశాను. లప్పం, రెండు కోట్లు, కిందికి వాలడం, ఫోన్లో అబద్ధం.

బావ నా భుజం మీది చెయ్యి తీసేశాడు. తర్వాత, "షెడ్డు కాడికి పోనీ" అన్నాడు.

తాళం తీసి, ఆ పలకను తనే ఊడదీసి నా చేతికి గీకుడు రేకు ఇచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా మెరుపంతా నేనే గీకాను. సొట్ట మళ్లీ బయటపడింది. పల్చగా ఒక్క కోటు వేసి, మర్నాడు ఆరాక కత్తి అంచుల మీద పెట్టాను. పలక కదలకుండా నిలబడింది.

"సమంగా ఉండాది బావా" అన్నాను.

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకొని వచ్చి, నన్ను పక్కకు జరగమని, వంగి తనే చూసుకున్నాడు.