అగ్గికొండకు ఒక్కడే పోయిన ఆత్మారాం

మా నిజామాబాద్ జిల్లావాళ్లను చంద్రమండలానికి పంపినా ముందు కమిటీ వేసుకుంటారు, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంటారు. ఈ మాట కోపంతోనే అంటున్నాను, ఎందుకంటే ఆ కమిటీలో నేనూ ఉన్నాను. నాది నందిపేట్‌లో పురుగుమందుల దుకాణం. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లను ఓ ఎరువుల కంపెనీ ఇటలీ వైపు ఓడ ఎక్కించింది. మా జిల్లా నుంచి పద్దెనిమిది జంటలం.

ఓడ రేవు దాటకముందే ముప్కాల్ హన్మండ్లు కుర్చీ లాక్కుని కూర్చుని, కమిటీ లేకుంటే ఆగమైతమని తేల్చేశాడు. ఆయన సొంతూళ్లో గ్రామాభివృద్ధి కమిటీ చైర్మన్. మా వైపు సర్పంచ్ మాట దాటినా నడుస్తుంది గానీ కమిటీ తీర్మానం దాటితే ఊళ్లో ఎవరూ పలకరించరు, హోటల్లో చాయ్ పొయ్యరు. ఓడ మీదా అదే చట్టం. అందరి పచ్చడి డబ్బాలూ ఉమ్మడి చేసి చైర్మన్ గదిలో పెట్టి తాళం వేశాం. పూటకు మనిషికో చెంచా. ఓడవాళ్లు నూరు రకాలు వండి వరసగా పెట్టేవారు, మేం వాటి పక్కనుంచే నడిచి వెళ్లి పచ్చడి కోసం లైను కట్టేవాళ్లం.

ఆత్మారాం డీలర్ కాదు. డీలర్ ఆయన భార్య రాధాబాయి. బోధన్‌లో ఎరువుల దుకాణం ఆమెదే, లైసెన్సూ ఆమెదే, ఈయన ఆమె టికెట్టు పక్కన వచ్చిన మొగుడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు బాయిలర్ ఫైర్‌మన్‌గా చేశాడు. చెరుకు పిప్పి పొయ్యిలోకి తోసి, మంట రంగు చూసి ఆవిరి ఎంత లేస్తుందో చెప్పేవాడట. మీటరన్నా తప్పు చూపిస్తుంది గానీ ఆత్మారాం కన్ను తప్పదనేవారు.

ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లు దాటింది. ఈయన లెక్కలో మాత్రం పడలేదు. పొద్దున ఆరింటికల్లా టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి తుప్పు పట్టిన గేటు ముందు కూర్చుంటాడు, షిఫ్టు దిగే వేళకు, రెండింటికి, ఇంటికొస్తాడు. ఈ సీజన్లో తప్పకుండా బాయిలర్ అంటుపెడతారని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతాడు. మొదట్లో జనం నవ్వారు. ఇప్పుడు ఆయన నడకను చూసి గడియారాలు సరిచేసుకుంటున్నారు.

రాధాబాయికి మాత్రం నవ్వు రాదు. నిజామాబాద్‌లో ఒక రైస్‌మిల్లువాళ్లు తమ ఊక బాయిలర్‌కు మంచి ఫైర్‌మన్ కావాలని మూడేళ్లుగా ఆత్మారాంను పిలుస్తున్నారు. ఫ్యాక్టరీ మనిషినై ఉండి వేరేచోటికి ఎట్లా వస్తానని ఈయన వెళ్లడు. ఓడ దిగి వచ్చేలోపు ఏదో ఒకటి చెప్పకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామని ఈసారి గట్టిగా అన్నారు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పుకుని రాధాబాయి కంటతడి పెట్టుకుంది. "పైసల కోసం కాదు వదినె. గేటు కాడ గట్ల కూసున్న మనిషిని సూస్తే నా పానం గుంజుతున్నది" అందట.

ఆరో రోజు ఓడ నేపుల్స్‌లో ఆగుతుందనీ, రెండింటిలో ఒకటి చూసేందుకే టైముందనీ టూర్ మేనేజర్ శృతి చెప్పింది. ఒకటి పాంపే, రెండు వేల ఏళ్ల కింద బూడిదలో కూరుకుపోయిన పట్నం శిథిలాలు. ఇంకోటి, ఆ బూడిద పోసిన వెసూవియస్ అగ్నిపర్వతం. ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చంది. ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవడమేమిటి? ఆ మాటకే మావాళ్లకు చెమటలు పట్టాయి.

సాయంత్రం ఈతకొలను పక్కన కమిటీ కూర్చుంది. చడ్డీల మీదున్న తెల్లవాళ్లు ఇదేదో యోగా అనుకుని మా వెనకే కాళ్లు మడుచుకుని కూర్చున్నారు. కొండకైతే నడవాలి, శిథిలాలకైతే బస్సు గేటు దాకా పోతుంది. కొండ మీద అన్నం తినడానికి నీడ ఉంటుందో లేదో తెలియదు. రెండు గంటలు నలిగాక హన్మండ్లు తీర్మానం చెప్పాడు.

"ఆ ఊరికి కమిటీ లేకనే మునిగింది. పొగ లేసినప్పుడే చాటింపేసి అందర్ని లేపి తీస్కపోతే బతుకుదురు. మనం వోయి సూడాలె."

అందరం చప్పట్లు కొట్టాం, తెల్లవాళ్లు కూడా కొట్టారు. నేను స్టీలు పళ్లెం మీద చెంచాతో వాయిస్తూ మా వాళ్ల గదులన్నిటి ముందూ చాటింపు వేశాను. అందరూ శిథిలాలకే. కొండకు పోయినవాళ్లకు మాట బంద్, పచ్చడి బంద్, వాళ్లతో మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష, పెళ్లామైనా సరే. నాకు నలభై ఆరేళ్లు, డిగ్రీ చదివాను, సిగ్గుండాలి.

ఆత్మారాం తలుపు తీసి అంతా విని, తాను కొండకే పోతానన్నాడు. పాడుబడ్డ గోడలు బోధన్‌లో రోజూ చూస్తున్నానని, వాటికోసం సముద్రం దాటక్కర్లేదని అన్నాడు. పెద్ద మంట చూసి పదేళ్లయింది, ఒక్కసారి కళ్లారా చూస్తే చాలట. హన్మండ్లు వచ్చి బతిమాలాడు, బెదిరించాడు, ఆయన కదల్లేదు. వెనక రాధాబాయి మంచం మీద కూర్చుని ఉంది. తీర్మానం మీద ఆమె సంతకమూ ఉంది కాబట్టి నోరు విప్పలేదు.

మర్నాడు రేవులో ఆత్మారాం ఒక్కడే జర్మన్ ముసలివాళ్లతో కొండ బస్సెక్కాడు. మిగతా ముప్పై అయిదు మందిమీ పాంపే పోయాం. హన్మండ్లు మురుగునీటి మోరీల లోతు జానలతో కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాడు, ఇంటిపన్ను ఎట్లా వసూలు చేసేవారని గైడును పీక్కుతిన్నాడు. రాధాబాయి ఏ గోడనూ చూడలేదు. ఎక్కడ నిలబడ్డా కొండ వైపే చూసింది. కొండ మీద పొగ జాడ లేదు.

అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. ఆయాసపడుతూ అరగంట ఎక్కితే పైన కంచె, కంచె అవతల చెరువంత గుంత. గుంతలో రాళ్లు, బూడిద, ఓ మూల నుంచి చాయ్ గ్లాసు మీద లేచేంత ఆవిరి. మంట ఎక్కడని గైడును సైగ చేసి అడిగితే, అతను ఫోనులో హిందీలోకి మార్చి చూపించాడట. పంతొమ్మిది వందల నలభై నాలుగు నుంచి ఇది ఆగిపోయి ఉంది, కానీ రేయింబవళ్లు దీన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఆఫీసుంది, జీతాలు తీసుకునే మనుషులున్నారు. ఎనభై ఏళ్లుగా బంద్ ఉన్నదానికి స్టాఫా అని ఆత్మారాంకు ఒళ్లు మండింది. ఆ కంచె ముందే కూలబడి, బస్సు హారన్ కొట్టేదాకా లేవలేదు. జర్మన్ ముసలమ్మ ఎవరో జాలిపడి బిస్కెట్లు ఇచ్చింది.

ఓడకు తిరిగొచ్చాక ఇంకా ఎండ ఉండగానే భోజనాలకు కూర్చున్నాం. ఆత్మారాం వేరే బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. ఆయన ముఖం చూడాలంటే నాకు భయమేసి పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాను. రాధాబాయి మా బల్ల దగ్గర్నుంచి లేచి, తన పళ్లెం పట్టుకుని, వెళ్లి ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"అగ్గి ఉన్నదా?" అని అడిగింది.

మా చెంచాలన్నీ ఆగిపోయాయి. "లేదు. సల్లవడ్డది. ఉత్త బూడిదే" అన్నాడాయన.

"మనది?"

ఆయన చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత "మనది సుత" అన్నాడు. ఫ్యాక్టరీ కూడా చల్లారిందన్న మాట పదేళ్లలో ఆయన నోట రావడం అదే మొదలు. కళ్లనీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. "నాకెర్కనేనే. ఎప్పటిసందో ఎర్కనే. గని రిలీవర్ రాలే గద. తర్వాతి షిఫ్టోడు వచ్చి నిలవడకుంటే ఫైర్‌మన్ పొయ్యి కాడికెంచి కదలద్దు. బంద్ వెట్టిన దినం నా జాగకు ఎవ్వలు రాలే."

రాధాబాయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నేనొచ్చిన గద. ఇగ నువ్వు దిగు."

ఆత్మారాం తల ఊపాడు. శృతి దగ్గర ఫోన్ అడిగి తీసుకుని, అక్కడే అందరి ముందూ రైస్‌మిల్లువాళ్లతో తానే మాట్లాడి, పనికి వస్తానని చెప్పాడు. హన్మండ్లు లేచాడు. చట్టం చట్టమే కదా, రాధాబాయికి కూడా మాట బంద్ అని ప్రకటించి, ముఖం అటు తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు. చాటింపు వెయ్యమని నన్ను చూస్తే నాకు చేతులు రాలేదు. మిగిలిన నాలుగు రోజులూ ఆ మొగుడూ పెళ్లాలకు మాట్లాడుకోవడానికి ఒకరికొకరే మిగిలారు. డెక్కు మీద కూర్చుని పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాటలు వినబడేంత దూరంలో కుర్చీలు వేసుకుని మేం ముప్పై నలుగురం నోరు మూసుకుని కూర్చున్నాం.